మొదటి స్విచ్చి ఆ పిల్లే వెయ్యాలి

ఇంట్లోకి కంప్యూటర్ కొంటానన్నప్పుడు "నీకెందుకు టీచరమ్మా?" అని అడగని మనిషి లేడు. మా ఇంటి ఓనరామె అడిగింది. పాలు పోసే ఆమె అడిగింది. నిడమనూరు బడిలో మా హెడ్మాస్టరయితే స్టాఫ్ రూములో అందరి ముందరే అడిగి, సోషల్ టీచరుకు కంప్యూటరేమిటని పడీపడీ నవ్వాడు. తొంభైల చివరి మాట ఇది. బడికే కంప్యూటర్ లేని కాలం. "నెత్తిన పెట్టుకొని ఊరేగుతా సార్" అన్నాను. నా నోరు తెలిసిన మనిషి కాబట్టి ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమంత గొప్పది కూడా కాదు. మా మేనకోడలు ఆదివారాలు మళ్ళీ ఇంటికి రావాలి. అంతే. అందుకే కొన్నాను.

ఆ పిల్ల మా తమ్ముడి కూతురు. నాకు పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. తర్వాత కిందా మీదా పడి చదువుకొని, టీచరు ఉద్యోగం తెచ్చుకొని, ఎనభైల్లో మిర్యాలగూడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. మా తమ్ముడి ఊళ్ళో బడి అంటే ఒక రేకుల షెడ్డు, అందులోకి ఎప్పుడూ రాని ఒక సారు. వాడొకరోజు పిల్లను తెచ్చి నా గుమ్మంలో దించి, "నీ దగ్గరుంచుకొని సదివియ్యక్కా" అన్నాడు. అప్పటికి దానికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఇంటర్ అయ్యేదాకా నా దగ్గరే పెరిగింది. జడ వేస్తుంటే ఒక్క క్షణం కుదురుగా కూర్చునేది కాదు. నేను దువ్వెనతో నెత్తిన ఒకటి వేసేదాన్ని, అది నా తొడ మీద గిల్లేది. అట్లా సాగేది మా సంసారం.

ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా మొదలు ముట్టేది అదే. గ్యాసు పొయ్యి వచ్చిన రోజు అగ్గిపుల్ల గీసింది అది. చిన్న నలుపు తెలుపు టీవీ వచ్చిన రోజు బటన్ తిప్పింది అది. దాని చెయ్యి మంచిదని మా అమ్మ ఉన్నప్పుడే అంది, నేనూ నమ్మాను. ఒక్కసారి మాత్రం, అది బళ్ళో ఉండగా కొత్త ఇస్త్రీపెట్టె నేనే ప్లగ్గులో పెట్టాను. వారం తిరక్కముందే అది ఇంత పొగ వదిలి చచ్చింది. సాయంత్రం ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకొని, "నేనొచ్చేదాక ఆగొద్దా మరి?" అని నన్నే కోప్పడింది. ఆ తర్వాత ఇక నేను ఏ కొత్త స్విచ్చి జోలికీ పోలేదు.

ఆదివారం వచ్చిందంటే అష్టాచెమ్మా. ఓనరామె తలుపులకు రంగు వేయించినప్పుడు మిగిలిన ఎర్ర రంగుతో ఈ పిల్ల ముందుగది గచ్చు మీద గళ్ళు గీసేసింది. ఓనరామె లబోదిబోమంది. ఎంత రుద్దినా పోలేదు. పోకపోవడమే మంచిదయింది. అన్నం తిన్నాక గవ్వలు తీసుకొని కూర్చునేవాళ్ళం. నా కాయ పండబోయే సమయానికి సరిగ్గా వచ్చి చంపేది, దొంగముండ. చంపి, గది చుట్టూ గంతులేసేది. నాకు ఉక్రోషం వచ్చి, "ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట" అని నేనే బతిమాలేదాన్ని.

ఇంటర్ తర్వాత కంప్యూటర్లున్న డిగ్రీ చదువుతానంది. సూర్యాపేటలో చేర్పించాం. ఆడపిల్లల హాస్టల్. కాలేజీ కాక బయట ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు కూడా పోయేది. మొదట్లో ప్రతి శనివారం సాయంత్రం బస్సులో వచ్చేది, సోమవారం పొద్దున్నే పోయేది. తర్వాత రావడం తగ్గింది. తగ్గీ తగ్గీ ఒక ఆదివారం ఓనరామె ఇంటికి ఫోను చేసి, "ఇగ ఆదివారాలు రానత్తా. ఇన్‌స్టిట్యూట్‌ల సిస్టంలు ఆదివారమే జర ఖాళీగుంటయి. కడమ రోజుల్ల ఒక్కదాని ముందట ముగ్గురం కూసుంటం. నాకు కీబోర్డు ముట్టనీకి వంతే రాదు" అంది.

చదువు మాట చెప్పాక ఏమంటాను? సరేనన్నాను.

అప్పుడు తెలిసింది నాకు ఆదివారమంటే ఏమిటో. మిగతా రోజులు బడి ఉంది, బస్సు ఉంది, పిల్లల అరుపులున్నాయి. ఆదివారం నాడు పొద్దున రేడియో పెడితే అది చెప్పిందే తప్ప ఇంకో మనిషి గొంతు ఇంట్లో ఉండేది కాదు. ఒక్క మనిషికి కూర ఎంత వండాలో ఇన్నేళ్ళూ వండినా చెయ్యి తిరగలేదు. ఎక్కువే అయ్యేది, రాత్రికీ అదే తినేదాన్ని. సాయంత్రం గంప దించిన కూరగాయలామెను "టమాటాలెట్ల?" అని అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినపడేది. ఆ రోజంతటికీ అదే నా మొదటి మాట. ఏడుపొచ్చేది. టమాటాలు పట్టుకొని ఏడిస్తే ఏం బాగుంటుందని లోపలికొచ్చేదాన్ని.

అట్లాంటి ఒక ఆదివారం అనిపించింది, ఈ పిల్ల కంప్యూటర్ కోసమే కదా అక్కడ ఆగిపోతున్నది, ఆ కంప్యూటరేదో ఇంట్లోనే ఉంటే? ఇంతే కదా అని లేచి కూర్చున్నాను. బడి నుంచి రావలసిన అరియర్సు అప్పుడే వచ్చి ఉన్నాయి. మంచిది రాదు కానీ, అగ్గువలో ఏదో ఒకటి వస్తుంది. ఆ పిల్లకు మాత్రం చెప్పదలచుకోలేదు. వచ్చి చూసి నోరెళ్ళబెట్టాలి. అదీ నా సంబురం.

ముందు సూర్యాపేటకే పోయాను. బస్టాండుకు కాస్త దూరంలో మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులున్న కంప్యూటర్ షాపు. లోపలికి పోతుంటే చెప్పులు బయట విడవమన్నారు. గుళ్ళోకి పోయినట్టే పోయాను. షాపాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం పనికి మేడం?" అన్నాడు.

"ఇంట్లకు."

"అదే, ఇంట్ల ఏం పనికి?"

"ఇంట్ల పనికి" అన్నాను.

ఆయన ఒక తెల్లటి యంత్రం మీద కప్పిన గుడ్డ తీశాడు. కంపెనీదట. దాంట్లో పాటలొస్తాయట, బొమ్మలొస్తాయట, సీడీ పెట్టుకోవచ్చట. చెప్పుకుంటూ పోతున్నాడు. నేను మాత్రం ఒక్కటే అడిగాను. "ఇన్‌స్టిట్యూట్లల్ల ఉండేటియి గిట్లనే ఉంటయా?" దానికాయన, "వాటికి దీనికి పోలికేంది మేడం? ఇది ఇంట్ల ఉంటె పిల్లలు బయటికే పోరు" అన్నాడు. ఆ మాట చాలు నాకు. వెంటనే ధర అడిగాను. చెప్పాడు. చెప్పులు వేసుకొని బయటికొచ్చాను.

బస్టాండుకు నడుస్తుంటే ఆ పిల్ల చెప్పిన ఇన్‌స్టిట్యూట్ బోర్డు కనపడింది. మేడ మీద ఉంది. మెట్ల మీద అయిదారుగురు ఆడపిల్లలు కాగితంలో మిర్చిబజ్జీలు పెట్టుకొని తింటున్నారు. మధ్యలో మాది. ఏదో చెబుతున్నది, చెప్పలేక నవ్వుతున్నది, నవ్వలేక పక్క పిల్ల భుజం మీద పడిపోతున్నది. కళ్ళ నీళ్ళు తుడుచుకొని మళ్ళీ మొదలుపెడుతున్నది. నేను రోడ్డుకు ఇవతల చెరుకురసం బండి చాటున నిలబడ్డాను. పిలిస్తే వినపడేంత దూరమే. పిలవలేదు. అట్లా నవ్వడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు, బజ్జీల మీదనో ఏమో. బస్సులో కూర్చున్నాక నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కంప్యూటర్ ఖాళీ కాలేదు కాబట్టి మెట్ల మీద కూర్చున్నారు, అంతే కదా, వంతు కోసం ఎదురుచూస్తూ పిల్లలు నవ్వుకోకుండా ఏడుస్తారా? ఇంట్లో ఉంటే ఆ వంతు గొడవే ఉండదు. మిర్యాలగూడ వచ్చేసరికి కొని తీరాలన్న పట్టుదల రెట్టింపయింది.

మా బళ్ళో లెక్కల టీచరుది కోదాడ. ఆయనన్నాడు, "సూర్యాపేటోళ్ళు సామాను హైదరాబాద్ నుంచి తెస్తారు మేడం. మా కోదాడ వాళ్ళు బెజవాడ నుంచి తెస్తారు. కంపెనీది కాదు కానీ, విడి భాగాలు తెచ్చి ఇక్కడే బిగించి ఇస్తారు. చాలా అగ్గువ పడుద్ది." సెలవు పెట్టి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయాను.

ఆ షాపు షాపులా లేదు. మెకానిక్ షెడ్డులా ఉంది. మూతలు లేని డబ్బాలు, వేలాడే వైర్లు. కానీ ఆ మనిషి మర్యాదస్తుడు. కుర్చీ తుడిచి వేశాడు. "ఇంటికే కదండీ? ఇంటికైతే పెద్దది దండగ. రోజూ వంటకు పెళ్ళి పొయ్యి ఎందుకండీ?" అన్నాడు. అప్పటిదాకా తిరిగిన తిరుగుడుకు నాకర్థమైన మొదటి మాట అదే. తర్వాత, "ఎంతమంది వాడతారు మేడమ్?" అని అడిగాడు.

"ఇద్దరం" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నా దగ్గరున్న దాంట్లో రెండే దార్లున్నాయన్నాడు. లోపలి సరుకు కొత్తది కావాలంటే తెర నలుపు తెలుపు వస్తుంది. రంగుల తెర కావాలంటే లోపలి సరుకు పాతది వేయాలి. సీడీ పెట్టుకునేది రెంటికీ ఉండదు, ఫ్లాపీ ఒక్కటే. రెండు తెరలూ పక్కపక్కన చూపించాడు. నలుపు తెలుపుది ఆసుపత్రిలో చూసిన యంత్రంలాగా దిగులుగా ఉంది. రంగులదాంట్లో నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు. ఆ పిల్ల దేని ముందర ఎక్కువ సేపు కూర్చుంటుంది? నాకు ఆలోచించే పనే లేకపోయింది. "రంగులదే" అన్నాను.

"లోపల సత్తువ తగ్గుద్ది మేడమ్, చెప్పలేదనొద్దు. కొత్తగా వచ్చే సాఫ్ట్‌వేర్లు దీనికి ఎక్కవు."

"ఎక్కకపోతే దించుతం" అన్నాను.

ఆయన నవ్వి, నాకోసం కొత్తగా బిగించినదాన్ని బల్ల మీద పెట్టి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. "ఆగు! స్విచ్చి వెయ్యొద్దు."

"టెస్టింగ్ చూసుకోవాలి కదండీ. సైకిల్ కొన్నా తొక్కి చూసుకుంటారు."

"మా ఇంట్ల కొత్త వస్తువు మొదలు మా కోడలే ముట్టాలె. దాని చెయ్యి మంచిది."

ఆయనకు నా సంగతి వింతగా ఉంది. "భాగాలన్నీ విడివిడిగా చూసే బిగించాననుకోండి, ఆడుద్ది. కానీ మీ కళ్ళతో చూడకుండా తీసుకెళ్ళి, రేపు ఆడలేదని వస్తే నేను బాధ్యుణ్ణి కాదు మేడమ్ గారూ" అన్నాడు. కాదులే అన్నాను. ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఎరుపుకు ఎరుపు, పచ్చకు పచ్చ టేపులు చుట్టి ఇచ్చాడు.

తెరను దుప్పట్లో చుట్టి, బస్సులో నా పక్క సీట్లో కూర్చోబెట్టాను. కండక్టరు వచ్చాడు. "ఏందమ్మా, టీవీయా?"

"కంప్యూటర్."

"దానికి లగేజి కొట్టాలె."

"కొట్టు. సీటుకు సుత కొట్టు. అది నిలబడి రాదు."

బస్సంతా తలలు తిప్పి చూసింది. వెనక సీటు ముసలామె దుప్పటి మీద చెయ్యి వేసి కళ్ళకద్దుకుంది. నేరేడుచర్ల దాటాక రోడ్డు గుంతలు మొదలయ్యాయి. "డ్రైవరన్నా, జర మెల్లగ!" అని నేనొక్కసారి అరిచాను. తర్వాత నేను అరవాల్సిన పనే లేకపోయింది. గుంత కనపడితే చాలు, ముందు సీట్ల వాళ్ళే "మెల్లగ, మెల్లగ, కంప్యూటరుంది" అని కేకలు. ఎవరో ఒకాయన ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో నా దుప్పటి మూట పట్టుకొని మిర్యాలగూడ దాకా నిలబడే వచ్చాడు. ఆ బస్సులో అందరూ నా వాళ్ళే అనిపించింది. దిగిపోవడానికి మనసొప్పలేదు.

మా ముందుగదిలో మూడు రంధ్రాల ప్లగ్గు ఒక్కటే ఉంది. దాని కిందనే అష్టాచెమ్మా గళ్ళు. వేరే దారి లేక టేబుల్ ఆ గళ్ళ మీదే వేశాను. టేపుల రంగులు చూసి వైర్లు పెట్టాను. స్టెబిలైజర్ కొన్నాను, సాయంకాలాలు మా వీధిలో వోల్టేజి సగానికి పడిపోయేది. తెరకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. పాత వాయిల్ చీర చించి కవరు కుట్టాను. మిర్యాలగూడలో రైసు మిల్లుల ఊక బూడిద రోజూ నల్లగా రాలుతుంది. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నె మూత మీద, దేని మీదైనా. రోజూ పొద్దున కవరు దులపడం నాకొక పనయింది.

ఇక ఆ పిల్ల రావడమే తరువాయి. ఎస్టీడీ బూతుకు పోయి హాస్టల్‌కు ఫోన్ చేశాను. "ఈ వారం రికార్డులు రాసేదుందత్తా." మళ్ళీ వారం చేశాను. "దోస్తు వాళ్ళ అక్క పెండ్లి అత్తా." ఆ తర్వాత తలనొప్పి. ఆ తర్వాత ఇంకేదో. గొంతులో తడబాటుంది, గుర్తుపట్టాను కానీ చదువు బరువనుకున్నాను. ఓనరామె రోజుకోసారి వచ్చి, "ఆన్ చెయ్యి టీచరమ్మా, అండ్ల ఏమొస్తదో సూస్తం" అనేది. "మా కోడలు రావాలె" అనేదాన్ని. "ఆమె వచ్చేసరికి దానికి చెదలు పడ్తది" అని వెక్కిరించి పోయేది. సాయంత్రాలు దాని ముందర కుర్చీ వేసుకొని పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. కవరు తీస్తే నల్లటి తెరలో నా మొహమే కనపడేది. స్విచ్చి చేతికందేంత దగ్గర. వేస్తే పోయేది. వెయ్యలేదు.

చివరికి ఆగలేక ఫోన్లో చెప్పేశాను. "ఇంట్లకు కంప్యూటర్ కొన్ననే."

బూతులో మీటరు తిరుగుతున్నది. "నిజంగనా అత్తా? కంప్యూటరా? నువ్వు కొన్నవా?" అంది. ఆ వెంటనే, "వస్త. ఈ ఆదివారం పక్కా వస్త" అంది. చూశారా, నేననుకున్నట్టే అయింది. బూతు నుంచి ఇంటికి ఎట్లా నడిచొచ్చానో నాకే తెలియదు.

చేపల పులుసు చేశాను. అది వచ్చింది, తింది, నా చీర చెంగుకే మూతి తుడుచుకుంది. నేను అగరొత్తులు వెలిగించి, "ఇగ వెయ్యి" అన్నాను. స్టెబిలైజర్ టకటకమంది. బటన్ నొక్కింది. లోపల ఫ్యాను గుర్రుమంది. తెర మాత్రం నల్లగానే ఉంది. కోదాడ మనిషి మాటలు గుర్తొచ్చి, వంగి వైర్ల టేపులు మళ్ళీ చూశాను. అంతలో తెర వెలిగింది. నీలం ఆకాశం! "జూసినవా, నీ చెయ్యి!" అని దాని బుగ్గ గిల్లాను. అదీ నవ్వింది.

సంచీలోంచి ఫ్లాపీ తీసి పెట్టింది. ఏవేవో నొక్కింది. మళ్ళీ నొక్కింది. "మా కోర్సు సాఫ్ట్‌వేర్ ఇండ్ల ఎక్కదత్తా. మెమరీ సాలదు" అంది, ఏదో మామూలు మాట చెప్పినట్టు. దించుతామన్న మొనగత్తెను, చీర కవరు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. ఫ్లాపీ బయటికి తీయబోతే చేయి జారి టేబుల్ కింద పడింది. తీయడానికి వంగింది. వంగిన మనిషి అక్కడే ఉండిపోయింది.

"అష్టాచెమ్మా మీద పెట్టినవేందత్తా?"

"ప్లగ్గు గాడనే ఉంది గదనే."

అది లేచి, నా ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. గవ్వల కోసం కూర్చున్నట్టే, కాళ్ళు మడుచుకొని. "అత్తా, నాకు హైదరాబాద్‌ల సీటొచ్చింది. మూడేండ్ల కోర్సు. మా దోస్తులందరికీ వచ్చింది. రూము సుత మాట్లాడినం. పరీక్షలు కాంగనే పోవాలె."

"ఎప్పుడు తెల్సింది?"

"శాన దినాలయింది. చెప్పనీకి భయమైంది. నువ్వు ఒక్కదానివే ఎట్లుంటవని పరేషాన్ అయిన. నీ మొహం సూస్తే నోరు రాదని రాకుంట తప్పించుకున్న." కళ్ళు తుడుచుకొని మళ్ళీ అంది. "కంప్యూటర్ కొన్న అని ఫోన్ల చెప్పినవ్ సూడు, అప్పుడు నాకు పానం లేసొచ్చినట్టయింది. మా అత్త సుత కొత్తది నేర్చుకుంటున్నది, ఇగ ఆమెకు పొద్దు పోతది, ఫికర్ లేదు అనుకున్న. అందుకే ధైర్యంగ చెప్పనీకొచ్చిన. నీకోసమే కొనుక్కున్నవ్ గదత్తా?"

దాన్ని ఇంటికి లాక్కురావాలని నేను రెండూళ్ళు తిరిగి తెచ్చిన డబ్బా, దాన్ని ఇంట్లోంచి పంపించింది. నాలుగు తిట్టాలనిపించింది. దువ్వెన తెచ్చి నెత్తిన ఒకటి వేయాలనిపించింది. అది నా మొహంలోకే చూస్తున్నది. నేను కాదన్నానంటే, ఆ మెట్ల మీది నవ్వు మళ్ళీ దాని మొహంలోకి రాదు.

"మరి ఇంకెవరికోసమే?" అన్నాను. "ఒక్కదాన్నే ఉంట, పొద్దు పోవద్దా నాకు?"

అది లేచి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ సాయంత్రమంతా నాకు నేర్పింది. మౌసు నా చేతికి లొంగలేదు, బాణం గుర్తు టేబుల్ మీది ఈగలాగా ఎటో పోయేది. నా చెయ్యి మీద దాని చెయ్యి వేసి నడిపించింది. ఒకప్పుడు బలపం పట్టించి పలక మీద నేను దిద్దించినట్టే. అందులో పేకాట ఒకటి ఉంది. ముక్కలన్నీ అదే పంచుతుంది, ఎరుపు కింద నలుపు, నలుపు కింద ఎరుపు పేర్చుకుంటూ పోవాలి.

"మంచిగుంది. నువ్వు ఎటు దిక్కు ఆడ్తవ్? ఇద్దరం ఆడుదం" అన్నాను.

"ఇది ఒక్కరే ఆడేదత్తా" అంది.

సోమవారం పొద్దున బస్సెక్కించాను. పరీక్షలయ్యాక హైదరాబాద్ బస్సూ ఎక్కించాను. సామానుతో పాటు గవ్వలు కూడా తీసుకుపోయిందని తర్వాత చూసుకున్నాను. రూములో అమ్మాయిలకు నేర్పడానికట. పోనీలే, నాకు మాత్రం వాటితో ఏం పని?

ఆదివారాలు ఆ పేకాట ఆడేదాన్ని. ఎప్పుడూ సగంలోనే ముక్కలు చిక్కుపడి ఆగిపోయేవి. కంప్యూటర్‌ను నోటికొచ్చినట్టు తిట్టి మళ్ళీ పంచమనేదాన్ని. అట్లా చాలా ఆదివారాలు పోయాక, ఒకరోజు అన్నీ కుదిరాయి. చివరి రాజును కూడా పైన పెట్టాను. అంతే, తెర మీద ముక్కలన్నీ ఒక్కసారిగా ఎగిరి కిందికి దూకడం మొదలుపెట్టాయి. ఒకదాని వెనక ఒకటి, తెరంతా గంతులే గంతులు. అట్లా అవుతుందని నాకెవరు చెప్పారు? ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచిపోయాను. వంటింటి వైపు తిరిగి, "ఏయ్ పిల్లా! జల్ది రా, ఇటు రా, సూడు!" అని అరిచాను.

వంటింట్లో నల్లా కింద పెట్టిన గిన్నె తప్ప ఏమీ లేదు. గోడ అవతల నుంచి ఓనరామె కేకేసింది. "మీ కోడలొచ్చిందా టీచరమ్మా?"

"ఎవ్వరు రాలేదమ్మా" అన్నాను.

ముక్కలు గంతులేయడం ఆగిపోయింది. మళ్ళీ పంచాలా అని తెర మీద అడుగుతున్నది. కూర్చొని, పంచమని నొక్కాను.